వెన్నులో ఏమీ కదల్లేదని చెప్పొచ్చా?

ప్రశ్న

పేరు వెయ్యొద్దని కోరుతూ నెల్లూరు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. క్లుప్తంగా విషయం ఇదీ.

ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. ఇందుకూరుపేట మండలంలో చాలా ఏళ్ళు రొయ్యల గుంటలు చేశారు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుతో పోవడంతో గుంటలు లీజుకిచ్చేసి, ఇప్పుడు టౌన్‌లో ఒక మేత షాపులో లెక్కలు చూస్తున్నారు. అప్పులు ఒక దారికొచ్చాయి కానీ నిద్ర మాత్రం తిరిగి రాలేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక కన్ను మూతపడదు. నాలుగేళ్ళుగా బీపీ మాత్ర వాడుతున్నారు.

ఆయన అవస్థ చూడలేక బావమరిది, తను వెళ్ళే దావో (చైనా ప్రాచీన మార్గం) ధ్యానం కోర్సులో ఆయన్నీ చేర్పించాడు. ఫీజు కూడా తనే కట్టాడు. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడ నేర్చుకున్నానని చెప్పే ఒక మాస్టారు, ఆదివారం పొద్దున్నే పద్నాలుగు మందిని కూర్చోబెట్టి నేర్పుతారు. మొత్తం మూడు నెలలు. మిగతా రోజుల్లో ఎవరింట్లో వాళ్ళు చేసుకుని, అయిన అనుభవాన్ని వాట్సాప్ గ్రూపులో రాయాలి.

మొదటి నెల బాగా గడిచింది. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించి, ఊపిరి పొట్ట కింది దాకా వెళ్ళిరావడం గమనించడం, తర్వాత మోకాళ్ళు కొద్దిగా వంచి కాసేపు కదలకుండా నిలబడడం. అంతే. రాత్రుళ్ళు నాలుగింటి దాకా నిద్ర పట్టింది. "ఇన్నేళ్ళకి నా గురక విన్నానని మా ఆవిడ సంతోషపడింది" అని రాశారు.

ఆరో వారంలో పాఠం మారింది. పొట్ట కింద పోగైన శక్తిని వెన్ను వెంట తల మీదికి ఎక్కించి, ముందు వైపు నుంచి కిందికి దించి, అలా చుట్టూ తిప్పాలి. గ్రూపులో ఒకరికి వెన్నులో వేడి కదిలింది, ఇంకొకరికి నుదుట వెలుగు కనిపించింది. ఈయనకు ఏమీ తెలియలేదు. ఒక ఆదివారం తన వంతు వచ్చినప్పుడు "మెడ దాకా వచ్చింది సార్" అనేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. బావమరిది లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. మాస్టారు తర్వాతి స్థాయికి ఆయన పేరు రాసుకున్నారు. అది కొండల్లో ఐదు రోజుల క్యాంపు, ఫీజు ముప్పై ఎనిమిది వేలు. అదీ తనే కడతానంటున్నాడు బావమరిది.

అన్న మాటను నిజం చేసుకోవాలని అప్పటి నుంచి తెల్లవారుజామున తలుపేసుకుని రెండేసి గంటలు కూర్చుంటున్నారు. ఇప్పుడు తల బరువు, కనుబొమల మధ్య నొక్కినట్టు ఉండడం, చెవుల్లో హోరు, గుండె దడ. నిద్ర మునుపటి కంటే పాడైంది. షాపులో కుర్రాళ్ళ మీద, ఇంట్లో భార్య మీద అరుస్తున్నారు. మాస్టారితో చెబితే "లోపలి మురికి బయటికి పోతోంది, ఇంకా ఎక్కువ చెయ్యండి" అన్నారు. శక్తి తిరిగే సమయంలో మందులు అడ్డమని తోటి సాధకుడు ఒకాయన చెప్పడంతో మూడు వారాలుగా బీపీ మాత్ర మానేశారు. "మనకున్న దేవుళ్ళు చాలలేదా, ఆ చైనా ధ్యానం మీకెందుకు" అంటోంది భార్య.

"నాకు అర్హత లేదా? క్యాంపుకి వెళ్ళాలా, మానెయ్యాలా? మానేస్తే బావమరిదికి మొహం ఎలా చూపించాలి?" అని అడుగుతున్నారు.

జవాబు

మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. బీపీ మాత్ర. మిగతా అన్నింటిలో మీ ముందు రెండు మూడు దారులున్నాయి, ఏది ఎంచుకోవాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఇందులో మాత్రం ఒకటే దారి. ఈ రోజే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి బీపీ చూపించుకోండి. మాత్ర ఆపిన సంగతి, ఎందుకు ఆపారో కూడా దాచకుండా చెప్పండి. కొన్ని రకాల బీపీ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ మునుపటి కంటే పైకి పోతుంది, గుండె దడ కూడా వస్తుంది. మీరు రాసిన తల బరువు, హోరు, దడ అతిగా చేసిన ధ్యానం వల్లో, మానేసిన మాత్ర వల్లో, నిద్ర లేకపోవడం వల్లో, మూడూ కలిసి వచ్చాయో ఉత్తరం చదివి నేను తేల్చలేను. మీ మాస్టారు కూడా కళ్ళతో చూసి తేల్చలేరు. ఈలోగా ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయించండి.

మందులు సాధనకు అడ్డమన్న మాట ఆ పెద్దమనిషికి ఎక్కడ దొరికిందో గానీ, అది దావో సంప్రదాయం మాట కాదు. 7వ శతాబ్దపు సన్ సిమియావో దావో సాధకుడు. చైనా వాళ్ళు ఈనాటికీ మందుల రాజు అని కొలిచే వైద్యుడు కూడా ఆయనే. ఆయనకు ముందు గె హాంగ్, తావో హాంగ్‌జింగ్ కూడా అంతే. వాళ్ళు ఒక చేత్తో ధ్యానం గురించి, ఇంకో చేత్తో మందుల గురించి రాసినవాళ్ళు. కాబట్టి మాత్ర వేసుకుంటే సాధన చెడిపోతుందన్న భయం మనసులోంచి తీసెయ్యండి.

ఇప్పుడు మీ నిద్ర సంగతి. ఉత్తరం చివర్లో, మిగతా గోడు అంతా అయ్యాక, గుంట నీటిలోకి గాలి కలిపే ఏరేటర్ల గురించి మీరు ఒక మాట రాశారు: "రెండింటికి లేచాక ఏరేటర్ల చప్పుడు వినపడదే అని చెవి వెతుక్కుంటుంది." నాకు మీ ఉత్తరంలో అన్నింటికంటే ముఖ్యమైన వాక్యం ఇదే అనిపించింది.

రొయ్యల గుంట గురించి నేను మీకు చెప్పక్కర్లేదు. పొద్దుపోయాక నీటిలోని పాచి ఆక్సిజన్ ఇవ్వడం మానేసి, ఉన్నదాన్ని తనే వాడుకుంటూ ఉంటుంది. తెల్లవారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే పంట మొత్తం పైకి తేలుతుంది. అందుకే రాత్రి రెండు నుంచి ఐదు దాకా మీ ఒళ్ళు ఏళ్ళ తరబడి కాపలా కాసింది. ఏరేటర్ ఆగిన మరుక్షణం మెలకువ వచ్చేలా అది నేర్చుకుంది. గుంటలు లీజుకిచ్చి కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఆ నేర్పు పోదు. పైగా రెండు పంటలు కళ్ళముందే పోయాయి. మీకు రెండింటికి మెలకువ రావడానికి మీ శక్తి ఎక్కడో ఆగిపోవడం కారణమని నేను అనుకోను. బాధ్యతగా బతికిన మనిషి శరీరం ఇంకా డ్యూటీ దిగలేదు.

మొదటి నెలలో మీకు ఎందుకు మేలైందో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. పాదాలు నేలకు ఆనించి, ఊపిరి పొట్టలోకి పోయిరావడం చూస్తూ కూర్చున్న ఆ కాసేపు మీ చెవికి కాపలా పని లేదు. ఇక్కడ ఏమీ మునిగిపోవట్లేదని శరీరానికి కొంచెం కొంచెంగా నమ్మకం కుదిరింది. ఆరో వారం నుంచి దానికి మళ్ళీ పని పడింది. వెన్నులో ఏదైనా కదిలిందా, ఎక్కడిదాకా వచ్చింది, ఇంకా ఎందుకు రాలేదు అని తెల్లవారుజామున రెండు గంటల పాటు చూడడం. గుంట గట్టు మీద చేసిన కాపలాకి, దీనికి నాకు పెద్ద తేడా కనపడట్లేదు.

అర్హత గురించి అడిగారు. అర్హతలేని మనిషికి మొదటి నెల ఆ గురక ఎక్కడిది? మీకు చేతనైంది, పనిచేసింది. తర్వాత చెప్పిన పాఠం మీకు ఇంకా రాలేదు, అంతే.

ఆ పాఠం తప్పని కూడా నేను అనను. వెన్ను వెంట ఎక్కించి ముందు నుంచి దించే ఈ పద్ధతి చైనాలో అంతర రసవాదం అని పిలిచే మార్గంలోది. వెనక దారిని డూ అని, ముందు దారిని రెన్ అని అంటారు. ఆ చుట్టుని చిన్న ఆకాశ పరిక్రమ అంటారు. అది వట్టి కల్పన కాదు, శతాబ్దాలుగా సాధన చేసినవాళ్ళు ఉన్నారు. కానీ ఆ మార్గంలోనే దానికి ముందు పునాది వెయ్యడానికి 100 రోజులు అనే మాట ఉంది. అంటే బొడ్డుకు మూడు నాలుగు వేళ్ళ కింద, వాళ్ళు దాంతియన్ అనే చోట, ఊరికే మనసు నిలిపి ఉండడం. ఆ 100 అనేది కూడా ఒక ఆనవాయితీ. మనిషిని బట్టి, వయసును బట్టి, ఎంత అలిసిపోయి వచ్చాడన్న దాన్ని బట్టి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఏళ్ళ నిద్ర బాకీ ఉన్న మనిషిని ఆరో వారంలో పైకి ఎక్కించమనడం తొందరపాటు. పద్నాలుగు మందికీ ఒకే రోజు ఒకే పాఠం మార్చడం గ్రూపు కోర్సుల్లో ఉండే ఇబ్బంది. నేర్పేవాళ్ళకు సిలబస్ పూర్తి కావాలి, ఎవరి పొట్ట నిండిందో ఎవరిది నిండలేదో చూసే తీరిక ఉండదు.

బలవంతం చేస్తే ఏమవుతుందో ఆ సంప్రదాయానికి బాగా తెలుసు. 8వ శతాబ్దంలో సీమా చెంగ్‌జెన్ అనే దావో ఆచార్యుడు, కూర్చుని మర్చిపోవడం అనే ధ్యానాన్ని ఏడు మెట్లుగా వివరించాడు. మనసును పట్టుబట్టి ఒకచోట కట్టేస్తే అది అలిసిపోయి చివరికి జబ్బు అవుతుందని ఆయనే హెచ్చరించాడు. ఈ మధ్య కాలానికి వస్తే, 1980ల్లో చైనాలో ఛీగాంగ్ అనే ఊపిరి, శక్తి సాధనల మోజు విపరీతంగా పెరిగినప్పుడు, గురువులు చెప్పారని గంటల తరబడి చేసి తలలో ఒత్తిడి, నిద్రలేమి, భయాలతో ఆస్పత్రులకు వచ్చినవాళ్ళను అక్కడి వైద్యులు చూశారు. అరుదుగా కొందరికి మతి చలించింది కూడా. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో దాన్ని పేరు పెట్టి చేర్చింది. మీకు అలా అవుతుందని భయపెట్టడానికి ఇది చెప్పట్లేదు. మీరు ఆపాల్సిన చోట ఆగి ఉత్తరం రాశారు. "మురికి పోతోంది, ఇంకా చెయ్యండి" అన్న సలహా ఒక్కటే సలహా కాదని, ఇలాంటి గుర్తులు కనిపిస్తే తగ్గించమని చెప్పేవాళ్ళు ఆ మార్గంలోనే ఉన్నారని మీకు తెలియాలి.

ఇక ఆ ఆదివారం మీరన్న మాట. దీని గురించి ఉత్తరంలో సిగ్గుపడుతూ రెండు వాక్యాల్లో దాటేశారు, కానీ నాకు ముడి అక్కడే కనిపిస్తోంది.

పద్నాలుగు మంది గుండ్రంగా కూర్చున్నారు. మీకు ముందు ఎనిమిది మంది ఏదో ఒకటి చెప్పారు. వేడన్నారు, వెలుగన్నారు. పక్కనే ఫీజు కట్టిన బావమరిది ఆశగా చూస్తున్నాడు. అలాంటి చోట "నాకేమీ తెలియలేదు" అనడానికి చాలా ధైర్యం కావాలి. మీరు ఎవర్నీ మోసం చేసి ఏమీ సంపాదించలేదు. బావమరిదిని నొప్పించకూడదని ఒక మాట అన్నారు. ఇంకో విషయం ఆలోచించండి: మీకు ముందు చెప్పిన ఎనిమిది మందీ నిజమే చెప్పారని మీకెలా తెలుసు? కొందరికి నిజంగా అయి ఉండొచ్చు. ఒకే చోట ధ్యాస పెట్టి కూర్చుంటే అక్కడ వెచ్చదనం, జలదరింపు తెలియడం మామూలే. కొందరు మాత్రం మీలాగే పక్కవాళ్ళ మాట విని, వెనకబడిపోతామన్న టెన్షన్‌తో చెప్పి ఉంటారు. చప్పట్లు దొరికే చోట అనుభవాలు పెరుగుతాయి.

జ్వాంగ్‌జీ పుస్తకంలో ఒక కథ ఉంది. క్రీ.పూ. 4వ శతాబ్దపు జ్వాంగ్‌జీ దావో మార్గానికి మూలపురుషుల్లో ఒకడు. యెన్ హుయ్ అనే శిష్యుడు గురువు కన్ఫ్యూషియస్ దగ్గరికి వచ్చి, నేను ముందుకు వెళ్తున్నాను అంటాడు. ఎలా అని గురువు అడిగితే, దయ, ధర్మం అనే పెద్ద మాటలు మర్చిపోయానంటాడు. మంచిదే, ఇంకా చాలదు అంటాడు గురువు. మళ్ళీ ఒకరోజు వచ్చి, ఆచారాలు, సంగీతం మర్చిపోయానంటాడు. ఇంకా చాలదు. ఇంకోసారి వచ్చి, కూర్చుని అన్నీ మర్చిపోయాను అంటాడు. శరీరం, తెలివి అన్నీ జారిపోయాయంటాడు. అప్పుడు గురువు, అయితే నన్ను నీ శిష్యుడిగా తీసుకో అంటాడు.

ఆ శిష్యుడు ప్రతిసారీ తన దగ్గర్నుంచి ఏం పోయిందో చెప్పాడు. మీ గ్రూపులో రోజూ ఏం వచ్చిందో రాయమంటున్నారు. దావో ధ్యానం నేర్చుకోవాలని వచ్చిన మనిషికి ఇది అడ్డదారి. మీరు మొదటి నెల ఆ గ్రూపులో రాయగలిగిన నిజమైన అనుభవం ఒకటుంది: నిద్రపోయాను. ఏరేటర్లను మర్చిపోయాను. యెన్ హుయ్ విని ఉంటే దాన్నే మెచ్చుకునేవాడని నా నమ్మకం.

మన డెల్టా రైతులకు ఇట్టే అర్థమయ్యే కథ ఇంకొకటి ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ చెప్పాడు. ఆయన దావో మార్గం వాడు కాదు గానీ ధ్యానం నేర్పేవాళ్ళు ఈ కథని బాగా వాడుకున్నారు. సాంగ్ రాజ్యంలో ఒక రైతు, పైరు ఎదగట్లేదని దిగులుపడి ఒక్కో మొక్కనీ పట్టుకుని కాస్త కాస్త పైకి లాగాడు. సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చి, ఈ రోజు పైరు ఎదగడానికి సాయం చేశానని చెప్పాడు. కొడుకు పరిగెత్తుకెళ్ళి చూస్తే పైరంతా వాడిపోయి ఉంది. మర్చిపోవద్దు, సాయమూ చెయ్యొద్దు అని మెన్షియస్ అన్న మాటను తర్వాతి సాధకులు ధ్యానానికి సూత్రంగా పెట్టుకున్నారు. ఈ కొన్ని వారాలుగా మీరు చేస్తున్నది ఆ సాయమే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

క్యాంపుకి వెళ్ళడం ఒక దారి. ఇప్పుడున్న పరిస్థితిలో వెళ్తే రోజుకు ఎన్నో గంటలు అదే తిప్పుడు. రాత్రి నిద్ర ఉండదు, పొద్దున మళ్ళీ కూర్చోవాలి. బీపీ ఎంతుందో తెలియదు, పక్కన మీ డాక్టరు ఉండడు. మెడ దాకా వచ్చిందన్నవాడు అక్కడ తల దాకా వచ్చిందనాలి. తిరిగి వచ్చాక ఆ ముప్పై ఎనిమిది వేలు కూడా బావమరిదికి బాకీ పడ్డట్టు మీ మనసు లెక్కేస్తుంది. మీరు లెక్కలు రాసే మనిషి, ఆ లెక్క మిమ్మల్ని ఊరికే వదలదు. ఐదు రోజులు ఊరికి దూరంగా నిశ్శబ్దంగా ఉండడం మంచిదే, ముందు ముందు మీకు పనికొస్తుంది. ఈ క్యాంపు, ఇప్పుడు, ఈ కారణంతో అయితే నాకు భయంగా ఉంది.

రెండోది, కోర్సులోనే ఉంటూ వెనక్కి వెళ్ళడం. మాస్టారిని విడిగా కలిసి, "మెడ దాకా వచ్చిందన్నాను, నిజానికి ఏమీ రాలేదు సార్. తల బరువు తగ్గేదాకా మొదటి నెల పాఠమే చేసుకుంటాను, గ్రూపులో ఏమీ రాయను" అని చెప్పడం. ఆయన జవాబు మీకు చాలా సంగతులు చెబుతుంది. ఆయన నవ్వి, ఇలా చాలామందికి అవుతుంది, పాదాల దగ్గరికి, పొట్ట దగ్గరికి వెళ్ళిపోండి, అరగంట మించొద్దు, డాక్టరుకి చూపించుకోండి అంటే, మీకు మంచి గురువు దొరికినట్టే. ఇక్కడే ఉండండి. పదిమందితో కలిసి కూర్చోవడంలో ఒక బలం ఉంది, ఒంటరిగా అయితే బద్ధకించే రోజున ఆదివారం మిమ్మల్ని లేపుతుంది. అలా కాకుండా, మీకు నమ్మకం తక్కువ, అందుకే రాలేదు అన్నా, క్యాంపుకి వస్తే అన్నీ సర్దుకుంటాయి అన్నా, ఆయన దగ్గర మీ సమస్యకు ఉన్న సమాధానం అంతే అని తెలిసిపోతుంది. చేరేటప్పుడు ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు అని ఆయన అడిగారా? అడగకపోతే అది కూడా మనసులో పెట్టుకోండి. ఆయన చెడ్డవారని నేను అనట్లేదు. తనకు వచ్చింది తనకు వచ్చిన పద్ధతిలో ఇస్తున్నారేమో. కానీ నేర్పడం వేరే విద్య.

మూడోది, కోర్సు వదిలేసి ఇంట్లో మొదటి పాఠం చేసుకోవడం. ఇది తేలికైన దారిలా కనిపిస్తుంది. కొన్నాళ్ళకు పని ఒత్తిడిలో జారిపోవడం, ఏదైనా సందేహం వస్తే అడగడానికి మనిషి లేకపోవడం దీనిలో నష్టం. ఈ దారి ఎంచుకుంటే వేళ మార్చండి. తెల్లవారుజామున వద్దు, అది మీ కాపలా వేళ. సాయంత్రం షాపు నుంచి వచ్చి స్నానం చేశాక, అన్నానికి ముందు, ఇరవై నిమిషాలు. కుర్చీ చాలు. ధ్యాస అరికాళ్ళ మీద పెట్టండి. మామూలు మనుషుల ఊపిరి గొంతులోంచి, నిజమైన మనుషుల ఊపిరి మడమల్లోంచి అని జ్వాంగ్‌జీ అన్నాడు. తలలో బరువు పేరుకునే మనిషికి ఇంతకంటే మంచి సలహా నాకు తెలియదు. ఊపిరిని తొయ్యొద్దు, లాగొద్దు, లెక్క పెట్టొద్దు. ధ్యాస తలలోకి పోతే మళ్ళీ పాదాల్లోకి తెచ్చుకోండి. బరువు పెరుగుతుంటే లేచి వరండాలో నడవండి, ఆ రోజుకి అయిపోయినట్టే.

నాలుగోది, కొన్ని వారాలు ధ్యానమే ఆపెయ్యడం. కూర్చోనప్పుడు కూడా నొక్కుడు, హోరు ఉంటున్నాయని రాశారు కాబట్టి, మొదట కొన్నాళ్ళు ఇదే అవసరం అనుకుంటున్నాను. పొద్దున ఎండ పడే వేళ నడవండి. వీలైతే ఆదివారం ఆ హాలుకి బదులు మీ ఆవిడతో కలిసి మైపాడు వెళ్ళి ఇసకలో చెప్పుల్లేకుండా తిరగండి. ఇన్నాళ్ళు చేసింది పోతుందేమోనన్న భయం వస్తుంది. పోయేదేమీ లేదు. తల తేలికపడ్డాక రెండో దారిలోకో మూడో దారిలోకో రావచ్చు. నన్ను అడిగితే నాలుగుతో మొదలుపెట్టి రెండుకి వెళ్ళమంటాను. మాస్టారి జవాబు నచ్చకపోతే మూడు ఎలాగూ ఉంది.

నిద్ర కోసం మాత్రం ధ్యానం ఒక్కదాని మీదే ఆధారపడకండి. రెండింటికి మెలకువ వస్తే మంచం మీద పొర్లకుండా లేచి, చిన్న లైటు వేసుకుని కూర్చోండి. ఫోన్ తియ్యొద్దు, గడియారం చూడొద్దు. నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కండి. ఎంతసేపు పడుకున్నా పొద్దున ఒకే వేళకి లేవండి, పగటి కునుకు మానెయ్యండి. మొదటి వారం రెండు వారాలు ఇంకా అలసటగా ఉంటుంది, తర్వాత శరీరం దారికి వస్తుంది. మాత్రలు లేకుండా నిద్రను బాగుచేసే పద్ధతి వైద్యంలోనే ఉంది, డాక్టరును అడగండి. పోయిన పంటల దిగులు ఇంకా లోపల ఉందని అనిపిస్తే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆవిడ మాటకు వస్తాను. చైనా ధ్యానం ఎందుకంటున్నారని రాశారు. దానికి జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. 7వ శతాబ్దంలో కామరూప రాజు, అంటే ఇప్పటి అస్సాం రాజు, దావో మార్గానికి మూలమైన లావోజీ పుస్తకాన్ని సంస్కృతంలోకి చేయించి పంపమని చైనా చక్రవర్తిని అడిగాడు. 647లో ఆ పని మన దేశమంతా తిరిగి చూసి వెళ్ళిన హ్యూయాన్‌త్సాంగ్ చేతికే అప్పగించారు. మన ఊళ్ళోనే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టె అందుకునే హిందువులు ఎంతమందో మీ ఆవిడకి నాకంటే బాగా తెలుసు. మంచిది ఎక్కడున్నా అందుకునే అలవాటు నెల్లూరు వాళ్ళకి ఉంది.

అయితే ఆమె బాధ చైనా గురించి అని నాకు అనిపించట్లేదు. మొదటి నెల మీరు ఇదే ధ్యానం చేస్తుంటే ఆమె ఒక్క మాట అనలేదు, పైగా గురక విని సంతోషపడ్డారు. ఇప్పుడు మూసిన తలుపు, మీ అరుపులు, మానేసిన మాత్ర ఆమె కళ్ళముందున్నాయి. వాటిని చూసి వేసిన భయం ఆ మాటగా బయటికొచ్చింది. మాత్ర మానేసిన సంగతి ఆమెకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే డాక్టరు దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్ళండి. మతం గురించి వాదన పెట్టుకోకండి. తలుపు తీసిపెట్టి కూర్చోండి చాలు.

ఇక బావమరిది. అతను డబ్బు కట్టింది మీ వెన్నులో శక్తి కదలడానికి కాదు, బావ నిద్రపోవాలని. అది మొదటి నెలలోనే జరిగింది. కాబట్టి అతని డబ్బు వృథా కాలేదని మీరు నిజాయతీగా చెప్పొచ్చు. ఫోన్లో వద్దు, ఇంటికి భోజనానికి పిలవండి, అతని అక్క, అంటే మీ ఆవిడ కూడా పక్కనుంటే ఇంకా మంచిది. "నాకు ఏమీ కదల్లేదురా. అందరూ చెప్తుంటే నీ మొహం చూసి నేనూ అనేశాను. నువ్వు చేర్పించినందుకే మళ్ళీ నిద్రంటే ఏంటో తెలిసింది. క్యాంపుకి మాత్రం రాలేను, ఒంట్లో బాలేదు" అని చెప్పండి. కొంచెం చిన్నబుచ్చుకోవచ్చు. మాస్టారి దగ్గర అతని మాట పోతుందని బాధపడొచ్చు. అతను కూడా ఆ గ్రూపులో ఉన్నవాడే. అతనికి కూడా చెప్పుకోలేనిది ఏదైనా ఉంటే మీ మాట విన్నాక బయటికి రావచ్చు, అందుకని ఆ రోజు తొందరపడి లేవకండి. చెప్పకుండా ఏదో సాకుతో తప్పించుకుంటే ఈసారికి గండం గడుస్తుంది, తర్వాతి క్యాంపుకి మళ్ళీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

క్యాంపుకి అడ్వాన్స్ కట్టేముందే ఈ మాట జరగాలి. కట్టేసి ఉంటే వెనక్కి వస్తుందో లేదో మీరే మాస్టారిని అడగండి, ఆ పని అతని నెత్తిన పెట్టకండి. రాకపోతే ఆ సొమ్ము మీరు నెలనెలా సర్దుతానని చెప్పండి. అతను వద్దంటాడు, అది వేరే విషయం.

డాక్టరును కలిశాక రెండు ముక్కలు రాయండి. బీపీ ఎంత ఉందో, మాత్ర అదే ఇచ్చారో మార్చారో రాస్తే, తల బరువు గురించి ఇంకొంచెం వివరంగా మాట్లాడుకోవచ్చు.